యుకాటాన్‌లో మాయా శిథిలాలు, పాత నార తోటల హసియెండాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రాంతం ఎక్కడ ఉంది? ప్రయాణం ఏ ఊరి నుంచి మొదలుపెట్టడం మంచిది?

యుకాటాన్ ద్వీపకల్పం మెక్సికో దేశానికి ఆగ్నేయ మూలన, ఒకవైపు మెక్సికో సింధుశాఖ, మరొకవైపు కరీబియన్ సముద్రం ఉండగా ఆ రెంటి మధ్యకు చొచ్చుకుపోయిన బల్లపరుపు సున్నపురాతి నేల. యుకాటాన్, కంపేచే, కింతానా రో అనే మూడు రాష్ట్రాలు ఇందులో ఉన్నాయి. విదేశీ యాత్రికుల్లో ఎక్కువమంది కాంకూన్‌లో విమానం దిగి, సముద్రతీరంలో మకాం వేసి, ఒక్కరోజు బస్సు యాత్రలో ఇక్కడి మూలవాసులైన మాయా ప్రజలు కట్టిన చిచెన్ ఇట్సా నగర శిథిలాలు చూసి వెళ్లిపోతారు. శిథిలాలనూ హసియెండాలనూ కలిపి చూడదలచినవారు మాత్రం యుకాటాన్ రాష్ట్ర రాజధాని మెరిదాలో బస చేయడం మేలు. ఈ ఊరిని స్పెయిన్‌వారు 1542లో తిహో అనే మాయా నగరం మీదనే స్థాపించారు. అక్కడి మాయా కట్టడాలను విప్పి, ఆ రాళ్లతోనే చర్చిలూ ఇళ్లూ కట్టుకున్నారు. 1598లో పూర్తయిన ప్రధాన చర్చి గోడల్లో ఉన్నవి చాలావరకు ఆ రాళ్లే. అందువల్ల మెరిదా కూడలిలో నిలబడినప్పుడే యాత్రికుడు ఒక మాయా శిథిలం మధ్య నిలబడినట్టు లెక్క.

హసియెండా అంటే ఏమిటి? ఇక్కడ అవి ఇన్ని ఎందుకు ఉన్నాయి?

హసియెండా అంటే యజమాని భవనం, గుడి, కర్మాగారం, గిడ్డంగులు, కూలీల ఇళ్లు, చుట్టూ వేల ఎకరాల భూమి కలిసిన పెద్ద ఎస్టేటు. మొదట్లో ఇవి పశువులనూ మొక్కజొన్ననూ పెంచే ఎస్టేట్లుగా ఉండేవి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వీటి దశ తిరిగింది. ఉత్తర అమెరికా గోధుమ పొలాల్లోకి కోత కోసి కట్టలు కట్టే యంత్రాలు వచ్చాయి, ఆ కట్టలకు పురికొస కావలసివచ్చింది. ఆ పురికొసకు సరిపోయే నార, మన పొలం గట్ల మీదా రైలు పట్టాల వెంబడీ కనిపించే కిత్తనార మొక్కకు దగ్గరి బంధువైన ఎనెకెన్ నుంచి వచ్చేది. రాళ్లు తేలిన, మట్టి పలచనైన యుకాటాన్ నేలలో మరే పంటా సరిగ్గా పండకపోయినా ఎనెకెన్ బాగా పండింది. ఓడల్లో సిసాల్ అనే చిన్న రేవు నుంచి ఎగుమతి అయినందువల్లే ఈ రకం నారకు ప్రపంచమంతటా సిసల్ అన్న పేరు స్థిరపడింది. తరువాత ఎగుమతి ప్రోగ్రెసో రేవుకు మారింది.

ఆ డబ్బుతోనే మెరిదాలో పసేయో దె మోంతేహో అనే విశాలమైన వీధి, దాని ఇరువైపులా ఫ్రెంచి పోకడల భవనాలు వెలిశాయి. మొదటి ప్రపంచయుద్ధం దాకా సాగిన ఈ వైభవం, ఇతర దేశాల్లో సిసల్ తోటలు పెరగడంతోనూ, ఆ తరువాత కృత్రిమ దారాలు రావడంతోనూ కరిగిపోయింది. 1937లో అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ హసియెండా భూములను గ్రామ సముదాయాలకు పంచిపెట్టాక, యజమానుల చేతుల్లో భవనమూ యంత్రాల షెడ్డూ కొద్దిపాటి భూమీ మాత్రమే మిగిలాయి. ఈ రోజు యాత్రికులకు కనిపించేది ఆ మిగిలిన భాగమే.

ఆ తోటల్లో పనిచేసింది ఎవరు?

ఈ ప్రశ్నను యాత్రికులు అడగవలసినంతగా అడగరు. ఎర్రని, పసుపుపచ్చని గోడలు, స్తంభాల వసారాలు, ఈతకొలనుగా మారిన పాత నీటి తొట్టెలు కళ్లకు ఇంపుగా ఉంటాయి కనుక, ఆ గోడలను నిలబెట్టిన వెట్టిచాకిరీ గురించి గైడు తనంతట తాను చెబితే తప్ప తెలియదు.

పనివారిలో అత్యధికులు మాయా రైతులు. వారిని అప్పుతో కట్టిపడేసేవారు. కూలి డబ్బును ఆ ఎస్టేటు దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లని బిళ్లల రూపంలో ఇచ్చేవారు. దుకాణంలో సరుకు తీసుకున్నకొద్దీ ఖాతాలో బాకీ పెరిగేది. రోజువారీ చిల్లర బాకీకి ఒక లెక్క, పెళ్లి వంటి ఖర్చులకు ఇచ్చిన పెద్ద బాకీకి మరొక లెక్క ఉండేవి. ఆ పెద్ద బాకీ తీరేది కాదు, తీరనంతకాలం మనిషి ఎస్టేటు విడిచి వెళ్లడానికి వీల్లేదు. పారిపోయినవారిని పట్టి తెచ్చేవారు. 1847లో మొదలై అర్ధశతాబ్దం పైగా సాగిన మాయా తిరుగుబాటు వెనుక భూములు పోగొట్టుకున్న బాధ, పన్నుల భారం ఉన్నాయి. చరిత్ర పుస్తకాలు దానిని కులయుద్ధం అని పిలుస్తాయి.

మాయా కూలీలు చాలనప్పుడు బయటివారిని తెచ్చారు. అప్పటి మెక్సికో అధ్యక్షుడు పోర్ఫీరియో దీయాస్ ప్రభుత్వం ఉత్తరాన సొనోరాలో తనను ఎదిరించిన యాకీ తెగవారిని వేల సంఖ్యలో ఇక్కడికి తరలించింది. 1905లో కొరియా నుంచి సుమారు వెయ్యిమంది స్త్రీపురుషులూ పిల్లలూ నాలుగేళ్ల ఒప్పందం మీద ఓడలో వచ్చి ఈ తోటల్లో చిక్కుకుపోయారు. వారి జ్ఞాపకార్థం మెరిదాలో ఒక చిన్న మ్యూజియం ఉంది. మారిషస్, ఫిజీ, నటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద ఓడలెక్కిన తెలుగువారి కథలు ఇంట్లో విన్నవారు ఆ మ్యూజియంకు తప్పక వెళ్లాలని నా మనవి. 1915లో గవర్నరుగా వచ్చిన సాల్వదోర్ అల్వరాదో ఈ అప్పు బానిసత్వాన్ని రద్దు చేశాడు. మాయా రైతుల పక్షాన నిలిచిన గవర్నరు ఫెలీపె కరీయో పుయెర్తోను 1924 జనవరిలో మెరిదాలో కాల్చి చంపారు.

శిథిలాలకూ హసియెండాలకూ సంబంధం ఏమైనా ఉందా, లేక రెండూ ఒకే దారిలో ఉండడం యాదృచ్ఛికమా?

సంబంధం చాలా దగ్గరిది. పందొమ్మిదో శతాబ్దంలో ఉష్మల్ శిథిలాలు సిమోన్ పెయోన్ అనే భూస్వామి హసియెండా పరిధిలో ఉండేవి. 1840 ప్రాంతంలో వచ్చిన అమెరికన్ యాత్రా రచయిత జాన్ లాయిడ్ స్టీఫెన్స్, చిత్రకారుడు ఫ్రెడరిక్ క్యాథర్‌వుడ్ ఆయన ఆతిథ్యంలోనే ఆ కట్టడాలను పరిశీలించి లోకానికి చూపించారు. చిచెన్ ఇట్సా హసియెండాను 1894లో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ కొని, అక్కడి పవిత్ర సెనోతేను, అంటే సహజ బావిని, తవ్వించి, అందులో దొరికిన బంగారం, జేడ్ రాళ్లు, ఎముకలను హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మ్యూజియంకు పంపాడు. వాటిలో కొంతభాగం తరువాతి కాలంలో మెక్సికోకు తిరిగి వచ్చింది. అంతటి చిచెన్ ఇట్సా ప్రధాన కట్టడాల కింది నేల 2010 వరకు ఒక ప్రైవేటు కుటుంబం ఆస్తిగానే ఉండి, ఆ ఏడాదే యుకాటాన్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది.

కాబట్టి పిరమిడ్ ఒక నాగరికతది, హసియెండా మరొకదానిది అని విడదీసి చూడడం సరికాదు. పిరమిడ్లు కట్టినవారి వారసులే హసియెండాలలో నార తీశారు, ఇప్పుడు ఆ రెండుచోట్లా టికెట్లు చించుతున్నదీ, తోట ఊడుస్తున్నదీ వారి మనుమలే. యాత్రను ఈ వరుసలో చూస్తే అర్థమయ్యేది వేరు.

ఏ హసియెండాలు చూడాలి? అక్కడ ఏం గమనించాలి?

సమయం తక్కువ ఉన్నవారు మెరిదాకు దక్షిణాన ఉన్న సొతుతా దె పెయోన్‌కు వెళ్లాలి. ఇక్కడ ఎనెకెన్ పంటను ఇప్పటికీ పండించి, నార తీసే పని మొత్తం చూపిస్తారు. కంచరగాడిద లాగే చిన్న బండిలో, సన్నని ఇనుప పట్టాల మీద తోటలోకి తీసుకెళ్తారు. ఒకప్పుడు ఆకు మోపులను కర్మాగారానికి చేర్చడానికి యుకాటాన్ అంతటా వేసిన పట్టాలు ఇలాంటివే. పనివాడు వంకర కత్తితో మొక్క కింది వరుస ఆకును మొదలంటా కోసి, అంచుల ముళ్లను రెండు వేట్లలో చెక్కి, కొన ముల్లును తెంచి పక్కన వేస్తాడు. మోపులు పైకెక్కి యంత్రం నోట్లోకి వెళ్లగానే లోపలి చక్రం ఆకు కండను చితకగొట్టి గీకేస్తుంది. ఆకుపచ్చని పిప్పి ఒకవైపు జారిపోతుంది, తడిసిన లేత పసుపు నార మరొకవైపు కురుల్లా వేలాడుతూ బయటికి వస్తుంది. ఆ పిప్పి వాసన ఘాటుగా, కొంచెం పులిసినట్టు ఉంటుంది, రసం చర్మానికి తగిలితే దురద పుడుతుంది. రోజంతా ఆ రసంలో చేతులు పెట్టి పనిచేసినవారిని తలచుకోవడానికి ఆ కొద్ది నిమిషాలు చాలు. నారను తీగల మీద ఎండబెట్టి, అచ్చుయంత్రంలో నొక్కి బేళ్లు కడతారు.

యష్కోపోయిల్ హసియెండా ఉష్మల్ వెళ్లే దారిలోనే ఉంది. దీనిని కొత్తగా ముస్తాబు చేయలేదు, అదే దాని విలువ. మూరిష్ శైలి జంట కమానుల ద్వారం, రంగు వెలిసిన గదులు, పాత కుర్చీలు, జర్మన్ యంత్రం నిలిచిపోయిన షెడ్డు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి. ముకుయ్‌చే హసియెండాకు 1865లో మెక్సికో సామ్రాజ్ఞి కార్లోతా వచ్చింది, అక్కడి సెనోతేలలో ఇప్పుడు ఈత కొట్టనిస్తారు. తెమోసోన్ హసియెండా ఖరీదైన హోటలుగా మారింది. 1999లో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్తో సెదీయో కలుసుకున్నది అక్కడే.

హసియెండా హోటల్లో బస చేయడం తప్పా?

తప్పు కాదు. చాలా హోటళ్లలో చుట్టుపక్కల మాయా గ్రామాలవారే పనిచేస్తారు, ఆ ఆదాయం ఆ ఊళ్లకు అవసరం. అయితే గది అద్దె ఎక్కువ కనుక ఒక రాత్రి అక్కడ, మిగిలిన రాత్రులు మెరిదాలోనో, చిచెన్ ఇట్సాకు దగ్గరి ఊరైన వయ్యదోలిద్‌లోనో గడపడం తెలివైన పని. బస చేసిన చోట యంత్రశాల ఎక్కడ, కూలీల ఇళ్లు ఎక్కడ ఉండేవి, ఎస్టేటు దుకాణం ఏ గదిలో నడిచేది అని అడగండి. తెలిసినవారు సంతోషంగా చెబుతారు.

చిచెన్ ఇట్సా, ఉష్మల్ రెండింటిలో ఒకటే చూడగలిగితే ఏది చూడాలి?

నా ఓటు ఉష్మల్‌కే. చిచెన్ ఇట్సా కట్టడాల పరిమాణం, ఖగోళ గణన ఆశ్చర్యపరుస్తాయి, కానీ జనం, అమ్మకందార్ల కేకలు ఆ అనుభవాన్ని పలచన చేస్తాయి. ఉష్మల్‌లో రాతిపని నాణ్యత అంతకంటే ఉన్నతంగా ఉంటుంది, నెమ్మదిగా చూసే వీలు కూడా ఉంటుంది. సుమారు 35 మీటర్ల ఎత్తున్న మాంత్రికుని పిరమిడ్ పునాది చతురస్రంగా కాక మూలలు గుండ్రంగా తిరిగి ఉంటుంది. గవర్నరు భవనం దాదాపు 100 మీటర్ల పొడవున సాగుతుంది. దాని పైభాగమంతా విడివిడిగా చెక్కిన వేలాది రాతిముక్కలను పేర్చి కూర్చిన అల్లిక. ఆ అల్లికలో వాననీటి దేవుడు చాక్ ముఖం, వంకర ముక్కుతో, మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

వాన దేవుడికి అంత ప్రాధాన్యం ఎందుకంటే, ఉష్మల్ ఉన్న పుయూక్ కొండల ప్రాంతంలో నదులు లేవు, బావులకు అందేంత పైన భూగర్భజలమూ లేదు. సీసా ఆకారంలో నేలలో తొలిచి, లోపల సున్నం పూసిన చుల్తూన్ అనే తొట్టెల్లో వాననీటిని నిల్వ చేసుకుని నగరాలు బతికాయి. ఇళ్ల ముందున్న తిన్నెల మీద గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అవి ఆ తొట్టెల నోళ్లే. కరువు సీమల నుంచి వెళ్లినవారికి పిరమిడ్ కంటే ఆ రంధ్రాలే ఎక్కువ మాట్లాడతాయి.

ఉష్మల్ తరువాత దగ్గరలో ఇంకేమి చూడవచ్చు?

కాబా, సాయిల్, లబ్నా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కాబాలో ఒక భవనం ముఖభాగం మొత్తం సుమారు 250 చాక్ ముఖాలతో నిండి ఉంటుంది. సాయిల్‌లో మూడంతస్తుల రాజభవనం, లబ్నాలో అందమైన కమాను ద్వారం ఉన్నాయి. ఉష్మల్‌తో కలిపి ఇవన్నీ 1996 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. సొంత వాహనం ఉంటే ఒక రోజులో చూడవచ్చు, కానీ ఉష్మల్‌కు పూట, మిగిలినవాటికి మరో పూట కేటాయించాలి.

చిచెన్ ఇట్సాకు ఎప్పుడు వెళ్లాలి? పిరమిడ్ ఎక్కనిస్తారా?

పిరమిడ్ ఎక్కనివ్వరు. ఉదయం 8 గంటలకు ద్వారం తెరిచేసరికి అక్కడ ఉండాలి. కాంకూన్ బస్సులు 10 గంటల తరువాత వరుసకడతాయి. అందుకే ముందురోజు రాత్రి వయ్యదోలిద్‌లో ఉండడం మంచిది. ఆదివారాలు మెక్సికన్ పౌరులకు ప్రవేశం ఉచితం కనుక రద్దీ ఎక్కువ. టికెట్ రెండు భాగాలుగా, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థకు, మరొకటి రాష్ట్రానికి, విడివిడిగా వసూలు చేస్తారు. ఇది మోసం కాదు.

కుకుల్కాన్ పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 చొప్పున మెట్లున్నాయి, పైనున్న గుడి అరుగును కలిపితే 365 అవుతాయి. మార్చి, సెప్టెంబరు విషువత్తుల, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల, సాయంత్రాలలో మెట్ల అంచున త్రికోణాల నీడ పాములా దిగివస్తుంది. ఆ రోజున వేలమంది వస్తారు. రెండు మూడు రోజులు ముందో వెనుకో వెళ్లినా నీడ దాదాపు అలాగే కనిపిస్తుంది, ఊపిరి పీల్చుకునే చోటూ ఉంటుంది. మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూతలాంటి ప్రతిధ్వని వినిపిస్తుంది. 168 మీటర్ల పొడవున్న బంతిఆట స్థలం, ఖగోళ పరిశీలనకు వాడారని భావించే గుండ్రటి కరకోల్ భవనం వదలకండి.

జనం తక్కువగా ఉండే శిథిలాలు ఏవి?

మెరిదాకు దగ్గరలోని మాయాపాన్ చిచెన్ ఇట్సా తరువాత అధికారం చలాయించిన ప్రాకార నగరం. ఎక్ బలాంలో రాజు సమాధి ముఖద్వారం రాక్షస నోరు ఆకారంలో, గచ్చుతో చేసిన రెక్కల మనుషులతో అద్భుతంగా నిలిచి ఉంది. ఇసమాల్ వేరే తరహా ఊరు. ఊరంతా పసుపు రంగు, ఊరి మధ్యలోనే కినిచ్ కాక్మో అనే భారీ పిరమిడ్, మరొక మాయా తిన్నె మీద ఫ్రాన్సిస్కన్ మఠం. ఈ మఠాన్ని కట్టించిన దియెగో దె లాందాయే 1562లో మనీ అనే ఊళ్లో మాయా లిపి గ్రంథాలను తగులబెట్టించాడు. ఆ లిపిలో నేటికి మిగిలినవి నాలుగే గ్రంథాలు.

సెనోతే అంటే ఏమిటి? దిగవచ్చా?

సున్నపురాయి పైకప్పు కూలి భూగర్భజలం బయటపడిన సహజ బావి సెనోతే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట చిక్షులూబ్ దగ్గర పడిన గ్రహశకలం చేసిన బిలం అంచు వెంబడి వీటిలో చాలా వలయంగా ఏర్పడ్డాయి. చాలావాటిలో ఈత కొట్టవచ్చు. దిగేముందు స్నానం తప్పనిసరి. సన్‌స్క్రీన్, నూనెలు, దోమల మందు ఒంటికి ఉండకూడదు, ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్లు తాగేది ఆ భూగర్భజలమే. లోతు ఎక్కువ కనుక ఈత వచ్చినవారు కూడా లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

మాయా ప్రజలు అంతరించిపోయారా?

లేదు. మెక్సికోలో 7 లక్షలకు పైగా జనం ఈ రోజుకీ యుకాటెక్ మాయా భాష మాట్లాడతారు. సంతలో ఎంబ్రాయిడరీ చేసిన తెల్లని వుయిపీల్ ధరించిన పెద్దమ్మల మధ్య ఆ భాష వినిపిస్తుంది. మాయా మాట్లాడే స్థానిక గైడును పెట్టుకోండి. ఖర్చు కొంచెం పెరిగినా ఈ యాత్రలో అంత విలువైన ఖర్చు మరొకటి లేదు.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి మార్చి వరకు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, మన రోహిణి కార్తె ఎండను తట్టుకున్నవారికి కూడా నీడలేని రాతి ఆవరణల్లో అలసట తప్పదు. జూన్ నుంచి వానలు, నవంబరు దాకా తుపానుల కాలం.

భారతీయ పాస్‌పోర్టుతో వీసా కావాలా?

కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ దేశాలలో దేనిదైనా చెల్లుబాటులో ఉన్న వీసాగానీ శాశ్వత నివాస కార్డుగానీ ఉన్నవారికి పర్యాటకం కోసం ప్రత్యేకంగా మెక్సికో వీసా అడగడం లేదు. అమెరికాలో హెచ్1బి మీద ఉన్న మనవారు ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆమోదపత్రం చెల్లుతున్నా పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు ముగిసి ఉంటే ఈ మినహాయింపు వర్తించదు, ముందుగా మెక్సికో వీసా తీసుకోవాలి. పిల్లల దగ్గరికి సందర్శక వీసాపై వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్లేవారు వారి వీసా తేదీలనూ, అమెరికాలో తిరిగి ప్రవేశించే నిబంధనలనూ చూసుకోవాలి. నియమాలు మారుతుంటాయి కనుక టికెట్ కొనేముందు మెక్సికో కాన్సులేటులో నిర్ధారించుకోండి.

కారా, బస్సా, రైలా?

మెరిదా, వయ్యదోలిద్, కంపేచే, కాంకూన్‌ల మధ్య మంచి బస్సులు నడుస్తాయి. హసియెండాలకూ పుయూక్ శిథిలాలకూ మాత్రం అద్దెకారు లేదా డ్రైవరుతో వాహనం కావాలి. మెరిదా నుంచి ఉష్మల్ సుమారు 80, చిచెన్ ఇట్సా సుమారు 120 కిలోమీటర్లు. ప్రతి ఊరి ముందూ తోపే అనే ఎత్తైన స్పీడు బ్రేకర్లుంటాయి, రాత్రిపూట అవి కనబడవు కనుక చీకటిపడేలోగా చేరుకోవాలి. ఇతరులకు జరిగే నష్టానికి మెక్సికో బీమా తప్పనిసరి, ఇంటర్నెట్‌లో కనిపించే చవక అద్దెలో అది కలిసి ఉండదు. 2023 డిసెంబరులో మొదలైన మాయా రైలు సౌకర్యమే, కానీ స్టేషన్లు చాలావరకు ఊరికి దూరం. దాని కోసం అడవి కొట్టడం, సెనోతే గుహల మీద స్తంభాలు దించడం గురించి అక్కడివారిలో తీవ్రమైన అభిప్రాయభేదాలున్నాయి.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. ఇక్కడి పేరుమోసిన వంటకం కొచినీతా పిబిల్ పందిమాంసంతో చేసేది. దాని ఎరుపు రంగు మన మన్యంలో పండే జాఫ్రా గింజలదే. బీన్స్‌లో, రొట్టెల్లో పందికొవ్వు కలుపుతారు కనుక "సిన్ కార్నె, సిన్ మంతేకా", అంటే మాంసం, కొవ్వు వద్దు అని స్పష్టంగా చెప్పాలి. గుమ్మడిగింజలు, టమాటా కలిపి నూరిన సికిల్ పాక్ మన రోటిపచ్చడి తిన్న నోటికి వెంటనే నచ్చుతుంది. చాయా అనే ఆకుకూరతో చేసిన వంటకాలు, గుడ్డు తినేవారికి పాపద్జూలెస్ అనే గుడ్డు వంటకం బాగుంటాయి. హబనేరో మిరప పచ్చడిని మాత్రం గుంటూరు కారం అలవాటున్నవారు కూడా చిటికెడుతోనే మొదలుపెట్టాలి. కుళాయి నీళ్లు తాగవద్దు.

పెద్దవారికీ పిల్లలకూ వీలవుతుందా?

అవుతుంది. ఉష్మల్, ఇసమాల్ నేల కొంత ఎగుడుదిగుడు తప్ప పెద్దవారికి కష్టం కాదు. సెనోతేలకు దిగే మెట్లు మాత్రం నిటారుగా, తడిగా ఉంటాయి. పట్టాల బండి ప్రయాణం పిల్లలకు బాగా ఇష్టం. టోపీ, నీళ్లు, దోమల మందు వెంట ఉంచుకోండి, డెంగీ ఇక్కడా ఉంది.

ఎన్ని రోజులు, ఏ వరుసలో?

వారం రోజులు ఉంటే మెరిదాలో మూడు రాత్రులుండి ఒకరోజు యష్కోపోయిల్, ఉష్మల్, మరోరోజు సొతుతా దె పెయోన్, మాయాపాన్ చూడవచ్చు. ఒక రాత్రి పుయూక్ వైపు హసియెండాలో గడిపి కాబా, లబ్నా చూసుకుని, ఇసమాల్ మీదుగా వయ్యదోలిద్ చేరి రెండు రాత్రులుండి చిచెన్ ఇట్సా, ఎక్ బలాం పూర్తిచేయవచ్చు. నాలుగు రోజులే ఉంటే ఎక్ బలాం, మాయాపాన్ వదలండి, నార తీసే యంత్రాన్ని మాత్రం వదలకండి.